చాందిని ఎడమ మోకాలు

ఢిల్లీ కంటోన్మెంటు,
30-7-2023

చిరంజీవి కిరణ్‌కుమార్‌ను దీవించి మీ నాన్న మాణిక్యం వ్రాయునది.

ముందుగా నా చేతిరాతకూ, అక్షరాల తప్పులకూ ఏమీ అనుకోవద్దు. ఐదో తరగతితో ఆగిన చెయ్యి. ఇప్పుడు వణుకు కూడా వచ్చింది. ఒత్తులు ఎక్కడ పెట్టాలో నాకు ఎప్పుడూ అనుమానమే. సర్దుకుని చదువుకో.

ఎందుకు రాస్తున్నానంటే, మీ బార్డరు పోస్టు నుంచి ఎప్పుడైనా ఫోను కలిస్తే ఆ రెండు నిమిషాలూ కోడలు హైమవతే మాట్లాడుతుంది. నీకు బెంగ పెట్టకూడదని అంతా బాగుందనే చెబుతుంది. నాకేమో చెవులు అంతంత మాత్రం. కానీ అంతా బాగాలేదు నాయనా.

చాందిని కబడ్డీలో పడింది. కాలేజీలో ప్రాక్టీసు. కూతకు వెళ్ళి వెనక్కి తిరగబోయింది. పాదం మ్యాటు మీద అతుక్కుపోయినట్టు నిలిచిపోయింది, ఒళ్ళు మాత్రం తిరిగింది. మోకాల్లో టప్‌మని చప్పుడు తనకే వినపడిందట. ఎడమ కాలు. రెండు రోజులకు గుమ్మడికాయంత వాచింది.

మిలిటరీ ఆసుపత్రిలో మేజర్ ఇంద్రాణి అని డాక్టరమ్మ చూసింది. బెంగాలీ మనిషి. మోకాలి లోపల పై ఎముకనూ కింది ఎముకనూ పట్టి ఉంచే కట్టు ఒకటి ఉంటుందట. లిగమెంటు అంటారు. అది పూర్తిగా తెగింది. దానంతట అది అతుక్కోదట. నరం ఒకటి తెచ్చి దాని చోట వెయ్యాలి అంది. వాపు తగ్గాక వచ్చే నెల ఆపరేషను.

ఎవరి నరం తెస్తారో అడగడానికి నాకు నోరు రాలేదు. ఇంటికొచ్చాక హైమవతితో అన్నాను, నా కాల్లోది తీసుకోమని చెప్పమ్మా అని. ఈ వయసులో నేను ఎక్కడ పరుగెత్తాలి? మంచం నుంచి చర్చికి, చర్చి నుంచి మంచానికి. ఆ మాత్రానికి ఒక నరం తక్కువైనా జరిగిపోతుంది.

పిల్ల ఏడవడం లేదు. అదే నాకు భయంగా ఉంది. మార్చిలో పోలీసు బలగం వాళ్ళ సెలక్షను ఉంది కదా, ఆటగాళ్ళ కోటాలో ఉద్యోగం. పిల్ల ధ్యాసంతా ఆ సెలక్షను మీదే. గోడ మీద కేలండరు తీసి మంచం పక్కన పెట్టుకుంది.

నీ ఆరోగ్యం జాగ్రత్త. అక్కడ చలి ఇప్పటికే మొదలైందా? సమాధానం రాయి.

నీ నాన్న
మాణిక్యం


c/o 56 ఏ.పి.ఓ.
19-8-2023

నాన్నకు వందనాలు.

నీ ఉత్తరం నిన్న కాన్వాయ్‌తో వచ్చింది. నీ నరం వద్దు. డెబ్బై మూడేళ్ళ నరం పందొమ్మిదేళ్ళ పిల్లకి వేస్తే అది కబడ్డీ ఆడుతుందా, దగ్గుతుందా? కోపం తెచ్చుకోకు. నేను ఇస్తాను. కన్నతండ్రిని, రక్తం కూడా కలుస్తుంది. సెలవు కోసం అర్జీ పెట్టాను. సి.ఓ. సాబ్ చదివి, "హవల్దార్ కిరణ్, యే క్యా లిఖా హై, టాంగ్ దాన్ కర్‌నా హై?" అన్నారు. కాలు దానం చేస్తావా అని. ఉన్న విషయం చెప్పాను. ఆలోచిద్దామన్నారు.

ఈ సంగతి మా సెక్షన్‌లో పాకిపోయింది. నలుగురు కుర్రాళ్ళు వచ్చి, ఉస్తాద్, మీ నరం కూడా పాతదే, మాది తీసుకోండి అన్నారు. అందరిలోకీ చిన్నవాడు సాకేత్ అయితే తన కాలిది ఇప్పటికే ఒకసారి బాగుచేశారట, రెండోది ఖాళీగా ఉంది ఇస్తానన్నాడు. నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

చాందినితో చెప్పు. నాన్న వస్తున్నాడు. మార్చికి అది మైదానంలో ఉండాలి. మన ఇంట్లో ఇప్పటిదాకా ఆటతో ఉద్యోగం తెచ్చుకున్నవాళ్ళు లేరు. అది తెస్తుంది.

హైమవతి నాతో ఫోనులో "కాస్త కాలు బెణికింది" అంది. ఆవిణ్ణి ఏమీ అనకు.

కిరణ్


ఢిల్లీ కంటోన్మెంటు,
10-9-2023

చి. కిరణ్‌కు నాన్న దీవెనలు. దేవుని కృప వలన ఇక్కడ క్షేమం.

నీ ఉత్తరం వచ్చేసరికి ఆపరేషను అయి పదిరోజులు దాటింది. సెలవు అర్జీ వెనక్కి తీసుకో. ఆ నలుగురు పిల్లలకూ నా దీవెనలు చెప్పు. ఎవరి నరమూ అక్కర్లేదు. అది దాని కాల్లోదే.

హైమవతి నా మాట డాక్టరమ్మకు చెప్పింది. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఆవిడ నన్ను లోపలికి పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, నవ్వకుండానే చెప్పింది. "బాబా, ఇసీ కా లేంగే." ఈ పిల్లదే తీస్తామని. మనం నరం అంటాం గానీ టెండన్ అట. కండను ఎముకకు కట్టి ఉంచే తాడులాంటిది. తొడ వెనక ఒకటి రెండున్నాయి, వాటిలోంచి తీసి మడిచి, ఎముకలకు సన్నని సొరంగాలు తొలిచి అందులోంచి దూర్చి బిగిస్తారట. సొంతది కాబట్టి ఒళ్ళు దాన్ని పరాయిదనుకోదు. తీసిన చోట కొన్నాళ్ళు బలం తగ్గుతుంది, తర్వాత చాలావరకు సర్దుకుంటుంది అంది.

ఇంకో మాట కూడా చెప్పింది. నడక తొందరగా వస్తుంది, ఆట ఆలస్యంగా వస్తుంది. తొమ్మిది నెలలకు ముందు ఆట మాట ఎత్తవద్దంది. ఆ తర్వాత కూడా పరీక్ష పెట్టి చూసి గానీ పంపదట. ఎక్కువమంది మామూలు పనుల్లో చక్కగా పడతారట, మళ్ళీ అదే ఆటకు అదే జోరుతో వెళ్ళేవాళ్ళు మాత్రం అంతమంది ఉండరట. చాందిని అప్పుడు ఆవిడ మొహంలోకి చూసి, "మైఁ జాఊంగీ మేడమ్" అంది, నేను వెళతానని. అంతే. ఆవిడ కూడా అంతే, "ఠీక్ హై, తో మెహనత్ కరో" అంది.

కష్టపడమంది కదా, అప్పట్నుంచి మెహనతే. దశరథ్ అని వ్యాయామం చేయించే నాయక్ ఉన్నాడు, రాజస్థాన్ వాడు. మోకాలు పూర్తిగా చాపించడం, తొడ కండ బిగించడం, మడమ జరపడం. ఇంట్లో నేను పక్కన కూర్చుని తెలుగులో లెక్కపెడతాను. అది హిందీలో నన్ను తిడుతుంది. కర్రలు వదిలేసి ఇంట్లో నాలుగడుగులు నడిచింది. డాక్టరమ్మ చాలా బాగుందంది.

నువ్వు ఉన్ని టోపీ పెట్టుకో. తొందరగా రాయి.

మాణిక్యం


c/o 56 ఏ.పి.ఓ.
22-10-2023

నాన్నకు వందనాలు.

కర్రలు వదిలేసి నడిచిందని చదివి ప్రాణం లేచొచ్చింది. ఇక ఆపకు. డాక్టర్లు ఎప్పుడూ ఎక్కువే చెబుతారు నాన్నా, వాళ్ళ జాగ్రత్త వాళ్ళది. తొమ్మిదంటే ఆరని అర్థం. ఆరు నెలలంటే సరిగ్గా మార్చికి సరిపోతుంది. దేవుడు లెక్కేసి ఇచ్చినట్టే ఉంది.

ఇప్పటి నుంచి రోజూ పొద్దున్నే లేపు. మెట్లు ఎక్కించు. తర్వాత ఫ్రాగ్ జంప్. గొంతుక్కూర్చుని కప్పలాగా ముందుకు దూకడం. మాకు రిక్రూట్‌గా ఉన్నప్పుడు అదే మోకాళ్ళను ఇనుము చేసింది. చాందిని నా కూతురు, చేస్తుంది. నువ్వు మెత్తగా మాట్లాడి చెడగొట్టకు.

ఇక్కడ మంచు మొదలైంది. దారి మూసేస్తే ఉత్తరాలు ఆలస్యమవుతాయి. కంగారు పడొద్దు.

కిరణ్


ఢిల్లీ కంటోన్మెంటు,
3-12-2023

చి. కిరణ్‌ను దీవించి నాన్న వ్రాయునది.

ఈరోజు ఆదివారం. ఒక సంగతి చెప్పాలి. ముందు కప్పగంతుల సంగతి. నీ ఉత్తరం హైమవతి చదువుతుంటే విని, దశరథ్‌కు హిందీలో చెప్పింది చాందిని. అతను నుదురు కొట్టుకుని, "హవల్దార్ సాబ్ కో బోలో, మేండక్ బార్డర్ పర్ హీ కుదాయేఁ" అన్నాడు. కప్పల్ని బార్డరులోనే దూకించమని. అందుకని అవి చేయించలేదు. మిగతావన్నీ తప్పకుండా చేస్తోంది. ఒంటికాలి మీద నిలబడి పళ్ళు తోముకుంటోంది.

ఇక అసలు సంగతి. మునిర్కా దగ్గర స్కూలు హాల్లో మన తెలుగువాళ్ళ ఆరాధన జరుగుతుంది కదా. ఈరోజు పాస్టరుగారు ఎవరైనా సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే రండి అన్నారు. నేను ఇన్నేళ్ళలో ఒక్కసారీ లేవలేదు, నీకు తెలుసు. ఊళ్ళో కూడా వెనక బల్లే. ఈరోజు ఎందుకో కాళ్ళు వాటంతటవే లేచాయి. మైకు పట్టుకున్నాను. నా మనవరాలి మోకాలు తెగితే దేవుడు మూడు నెలల్లో పూర్తిగా బాగుచేశాడు, మెట్లెక్కుతోంది, నొప్పి లేదు, ఆయనకు స్తోత్రం, అని చెప్పి కూర్చున్నాను. హాలంతా చప్పట్లు. అన్నపూర్ణేశ్వరి అని మయూర్ విహార్ నుంచి వచ్చే పెద్దావిడ వచ్చి చాందిని మోకాలు తడిమి చూసి కళ్ళు తుడుచుకుంది. చాందిని చున్నీతో మొహం కప్పుకుని, "తాతా, ఆప్ తో స్టార్ హో గయే" అంది.

హైమవతి కూడా సంతోషపడింది. నీతో ఫోనులో చెబుతుందట.

చాలా కాలానికి నాకు రాత్రి నిద్ర పడుతుంది అనుకుంటున్నాను. జవాబు రాయి.

నాన్న


ఢిల్లీ కంటోన్మెంటు,
20-12-2023

కిరణ్‌కు,

మోకాలు మళ్ళీ వాచింది. నా మూలంగానే.

సాక్ష్యం చెప్పాను కదా. ఆ మరుసటి వారం పిల్లలు క్రిస్మస్ పాటలకు టెంపో ఎక్కి ఇళ్ళిళ్ళకూ తిరిగారు. చాందిని కూడా వెళ్ళింది. పోయిన ఇంటి ముందల్లా మిగతావాళ్ళు టెంపో వెనక నుంచి దూకుతుంటే ఇది కూర్చుని జారి దిగేదట. ఎవరో అన్నారు, "ఏయ్ చాందినీ, తాత సాక్ష్యం చెప్పాడుగా, ఇంకా ముసలమ్మలాగా ఏంటి, దూకెయ్" అని. దూకింది. మోకాలు లోపలికి వంగి పడింది. లేచి నవ్విందట. ఇంకో మూడిళ్ళలో పాటలు కూడా పాడింది. తెల్లారేసరికి వాపు.

డాక్టరమ్మ స్కానింగ్ తీయించింది. ఆ ఫలితం వచ్చేదాకా మేం ముగ్గురం ఆసుపత్రి బల్ల మీద ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. దేవుడి దయ, వేసిన టెండన్ తెగలేదు. లోపల నీరు చేరింది. కొన్ని వారాలు వెనక్కి.

ఆవిడ కోప్పడలేదు. బొమ్మ గీసి చూపించింది. తీసి వేసిన టెండన్ మొదట్లో ఊరికే కట్టిన తాడట. అందులోకి రక్తం పారి, అది మెల్లగా ఆ చోటుదిగా మారాలి. మారే కాలంలో అది మెత్తబడుతుంది. మనిషికేమో అప్పుడే నొప్పి పోయి బాగున్నట్టు ఉంటుంది. "ఈ నెలలంటేనే నాకు భయం. బాగైపోయిందని పిల్లకు ఎవరు చెప్పారు?" అంది.

నేను నేల చూశాను. హైమవతి మెల్లగా, "మా మామయ్యగారే మేడమ్. చర్చిలో. మైకులో" అంది. డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాం. చాప వేశాను. లెక్క నేనే పెడుతున్నాను. మార్చి సంగతి ఇప్పుడు తేల్చలేను. ఇది చేరాక నీ అభిప్రాయం రాయి.

మాణిక్యం


c/o 56 ఏ.పి.ఓ.
14-1-2024

నాన్నకు, హైమవతికి, చాందినికి కొత్త సంవత్సరం వందనాలు.

డిసెంబరు మూడో తేదీ ఉత్తరం ఈరోజే చేరింది. దారి మూసేశారు. హెలికాప్టరు వచ్చినప్పుడే టపా. నాన్నా, నువ్వు మైకు పట్టుకున్నావా! నేను నమ్మలేదు, మళ్ళీ మళ్ళీ చదివాను. హైమవతి కూడా ఫోనులో చెప్పింది, పూర్తిగా బాగైందని చర్చిలో సాక్ష్యం ఇచ్చావని. మా వంటవాడు పోస్టులో సూజీ హల్వా చేశాడు. అందరికీ నా చేత్తో పెట్టాను.

అయితే ఇక ఆలస్యం లేదు. సెలక్షను మార్చి మొదటి వారం. నువ్వే దగ్గరుండి తీసుకెళ్ళు. హైమవతి భయపడుతుంది, ఆవిణ్ణి వద్దను. ఏం జరిగినా చాందిని ఆ మైదానంలోకి వెళ్ళాలి. ఇది నా మాటగా చెప్పు. వెనక్కి తిరిగి రావద్దు.

వచ్చే ఉత్తరంలో సెలెక్టయిందని రాయి, చాలు.

కిరణ్


ఢిల్లీ కంటోన్మెంటు,
10-3-2024

చి. కిరణ్‌కు నాన్న దీవించి వ్రాయునది.

డిసెంబరు ఇరవయ్యో తేదీన రాసిన ఉత్తరం నీకు అందలేదని నీ ఉత్తరం చూశాకే తెలిసింది. అది చేరితే ముందు అది చదువు. తర్వాత ఇది.

నీ మాట చాందినికి చెప్పాను. ఆరు నెలలు దాటాయి, వాపు పోయింది, మెల్లగా పరుగు కూడా మొదలుపెట్టింది. డాక్టరమ్మ మాత్రం వద్దంది. సెలక్షను రోజు చాందిని తెల్లవారకముందే లేచి మోకాలికి పట్టీ వేసుకుని, బ్యాగు తగిలించుకుని తలుపు తీసింది. నేను చెప్పులు వేసుకుంటున్నాను.

"తాతా, మత్ రోకో."

"ఆపడంలేదమ్మా. నేనూ వస్తున్నాను."

"క్యోఁ?"

"తెగితే తీసుకురావడానికి ఒకరు ఉండాలి గదా."

"మీరు నన్ను మోస్తారా? అరవై కిలోలున్నా నేను!"

"ఆటో పిలుస్తాను."

కోపంలోనే నవ్వింది. హైమవతి రెండు పరోటాలు కాగితంలో చుట్టి ఇచ్చింది.

నజఫ్‌గఢ్ వైపు చాలా దూరం పోయాం. దారంతా దాంతో నేను ఏమీ మాట్లాడలేదు. ఏమని చెప్పను? ఒకసారి తెలియకుండా మాట్లాడితే ఏమైందో చూశాను. వెళ్ళమని చెప్పడానికీ నోరు రాలేదు, వద్దని చెప్పడానికీ రాలేదు.

గేటు పక్కన చాయ్ కొట్టు. కంచెలోంచి మైదానం కనబడుతోంది. లోపల ఆడపిల్లలు వరసగా వచ్చి ఎగిరి ఒంటికాలి మీద దిగుతున్నారు. చాందిని అది చూస్తూ నిలబడింది. బ్యాగు నా చేతికిచ్చింది. కొట్టు వెనక ఖాళీ నేల మీద కుడికాలితో ఎగిరి దిగింది. మేకు దిగినట్టు దిగింది. తర్వాత ఎడమకాలు. దిగింది గానీ తొడ వణికింది, మోకాలు లోపలికి పోబోయింది. మళ్ళీ ఎగిరింది. మళ్ళీ అంతే. మూడోసారి ఎగరలేదు. కాలివైపే చూస్తూ ఉండిపోయింది.

గేటు దగ్గర జవాను, "ఏయ్ బేటీ, రోల్ నంబర్?" అని కేకేశాడు.

ఇది తలెత్తి, "భయ్యా, అగ్‌లే సాల్" అంది, వచ్చే ఏడు వస్తానని.

అప్పుడు ఏడ్చింది. ఆపరేషను నాడు కూడా ఏడవని పిల్ల. నేను చాయ్ తెచ్చిచ్చాను. పరోటాలు తిన్నాం. ఇంటికొచ్చి చాప వేసింది. నువ్వు వెనక్కి తిరిగి రావద్దన్నావు. వచ్చాం. అది ఓడి రాలేదు కిరణ్. చూసుకుని వచ్చింది.

ఒక ముక్క రాయి దానికి.

నాన్న


c/o 56 ఏ.పి.ఓ.
4-4-2024

నాన్నగారికి,

మీ ఉత్తరాలేవీ రావడంలేదు. హైమవతి ఫోనులో ఒకే మాట చెప్పింది: "మామయ్య గేటు దాకా తీసుకెళ్ళి, మళ్ళీ తీసుకొచ్చేశారు." లైను తెగిపోయింది. గేటు దాకా! నేను ఏమని రాశాను, మీరు ఏం చేశారు?

బాగైందని చర్చిలో అందరి ముందూ చెప్పింది మీరే. మరి గేటు దగ్గరికి వెళ్ళేసరికి భయం వేసిందా? మీకు జీవితమంతా అదే భయం. ఎవరికీ ఎదురు చెప్పరు, ఎక్కడా ముందు బల్ల మీద కూర్చోరు. ఆ పిరికితనం నా కూతురికి అంటించారు. ఇన్నాళ్ళూ ఎవరికీ ఎదురు చెప్పని మీరు నా ఒక్కడి మాటకే ఎదురు నడిచారు.

దాన్ని కూడా నేనేమీ అడగను. అడగడానికి ఏముంది? నాతో మాట్లాడాలనుకుంటే మైదానంలోకి వెళ్ళాక మాట్లాడమనండి.

కిరణ్‌కుమార్


ఢిల్లీ కంటోన్మెంటు,
12-5-2024

కిరణ్‌కు,

నన్ను మీరు అన్నావు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. సరే.

దారి తెరిచారని విన్నాను. నా రెండు ఉత్తరాలూ ఈపాటికి చేరి ఉంటాయి. అందులో ఉన్నది మళ్ళీ రాయను. నేను భయపడే మనిషిని, నిజం. ఎవరికీ ఎదురు చెప్పలేదు, అదీ నిజం. ఇప్పుడు చెబుతున్నాను. ఆ పిల్ల మోకాలి మీద అక్కడి నుంచి ఆర్డర్లు వెయ్యడం మానెయ్. నేనూ మానేశాను. అది ఎప్పుడు ఆడాలో ఇక దాని కాలు చెబుతుంది, డాక్టరమ్మ చెబుతుంది.

నీ ఉత్తరం హైమవతి చదువుతుంటే చాందిని పక్కనే బట్టలు మడుస్తోంది. అది తెలుగు చదవలేదు గానీ వింటే అంతా తెలుస్తుంది. పిరికితనం అన్నచోట హైమవతి ఆగింది. "పఢో మమ్మీ" అంది చాందిని, చదవమని. మొత్తం విన్నది. తర్వాత చాప మీదకు వెళ్ళింది. ఆరోజు నేను లెక్కపెట్టడం ఆపినా అది ఆపలేదు.

ఎండలు ముదిరాయి. కూలరు రిపేరు చేయించాం. సమాధానం నీ ఇష్టం.

మాణిక్యం


c/o 56 ఏ.పి.ఓ.
30-6-2024

నాన్నకు వందనాలు.

మూడు ఉత్తరాలూ చేరాయి. రెండు ఒకేరోజు, నీ మే నెలది తర్వాత. చదివి కూడా ఇన్నాళ్ళు రాయలేకపోయాను. నా మాటలు నీ ముందు పెట్టుకుని ఎలా రాయాలో తెలియలేదు.

ఇక్కడ ఒకటి జరిగింది. సాకేత్ గుర్తున్నాడా, రెండో కాలి నరం ఇస్తానన్న కుర్రాడు. వాడికి చాందినికి చేసిన ఆపరేషనే, రెండేళ్ళ కింద. వాడు ఐదో నెలలోనే బాగుందని బెటాలియన్ ఫుట్‌బాల్ ఆడాడట. అప్పుడేమీ కాలేదు గానీ మోకాలు అప్పుడప్పుడూ జారినట్టుండేదట, ఎవరికీ చెప్పలేదు. పోయిన వారం పెట్రోలింగ్ నుంచి దిగుతుంటే రాళ్ళ మీద ఆ కాలే జారింది. వేసిన టెండన్ తెగిపోయింది. స్ట్రెచర్ ఒక కొస నేను పట్టుకున్నాను. దారి పొడుగునా వాడు నొప్పి గురించి అనలేదు. "ఉస్తాద్, థోడా రుక్ జాతా తో" అని ఒకటే మాట. కొంచెం ఆగి ఉంటే అని. మళ్ళీ ఆపరేషనట. ఇక పైకి పంపరు.

వాణ్ణి దింపి వస్తుంటే నాకు ఆ గేటు కనిపించింది నాన్నా. నేను చూడని గేటు. నా కూతురు బ్యాగు నీ చేతికిచ్చి ఎగరడం కనిపించింది. దాన్ని నేను పిరికిది అన్నాను.

దానికి రాయాలని రెండుసార్లు కూర్చున్నాను. చేతకాలేదు. ఏ మొహంతో రాస్తాను? నా మాటగా నువ్వే చెప్పు. నాన్నకు తెలిసొచ్చిందని చెప్పు. నువ్వు చెబితే వింటుంది.

నీ మీద రాసిన వాటికి క్షమించు.

నీ కొడుకు
కిరణ్


ఢిల్లీ కంటోన్మెంటు,
22-9-2024

చి. కిరణ్‌ను మనసారా దీవించి నాన్న వ్రాయునది.

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయనందుకు ఏమీ అనుకోవద్దు. ఏదో ఒకటి తేలాక రాద్దామని ఆగాను.

జూన్‌లో పరీక్ష పెట్టారు. తొమ్మిది నెలలు దాటాయి కదా, అయిపోతుందనే అనుకున్నాం. ఒంటికాలి గెంతులో కుడికాలు పోయినంత దూరం ఎడమకాలు పోలేదు. టెండన్ తీసిన తొడ వెనక భాగం ఇంకా బలహీనంగా ఉందని మిషను చూపించింది. డాక్టరమ్మ కాగితం మీద సంతకం పెట్టలేదు. చాందిని, "కిత్‌నా ఔర్, మేడమ్?" అంది, ఇంకా ఎన్నాళ్ళని. "టాంగ్ సే పూఛో" అందావిడ, కాలినే అడగమని. ఆ సాయంత్రం దశరథ్ దానికి పని ఇంకా పెంచాడు. ఎండల్లో చెమటకు చాప తడిసిపోయేది. ఒకసారి నేను, పోనీలేమ్మా, ఈరోజుకు చాలించు అన్నాను. "తాతా, ఆప్ గినో" అంది. లెక్కపెట్టాను.

ఆగస్టు ఆఖరుకు మళ్ళీ పరీక్ష. గెంతు, దిగడం, పక్కకు తిరగడం, అన్నీ. సంతకం పెట్టింది. పెడుతూ చెప్పింది, ఇది హామీ కాదు, ఆడినంత కాలం వ్యాయామం ఆపకూడదు, రెండో మోకాలు కూడా జాగ్రత్త అని. చాందిని తల ఊపింది.

నిన్న కాలేజీలో మ్యాచ్. నన్ను రమ్మంది. నేను కంచె బయట చెట్టు నీడలో నిలబడ్డాను. లోపలికి వెళితే అందరూ పలకరిస్తారు. మొదటి కూతకే దీన్ని పంపారు. వాళ్ళ గీత దాటి ఇద్దర్ని తప్పించుకుంది. వెనక్కి తిరిగింది. అప్పుడు మూలనున్న పొట్టిపిల్ల ఎగిరి దీని ఎడమ చీలమండ పట్టుకుంది. ఆ కాలే. ఇంకో ముగ్గురు మీద పడ్డారు. అందరూ కలిసి ఒక కుప్ప. కింద నుంచి కూత వినపడలేదు. కంచె తీగ పట్టుకున్నాను. హైమవతి లోపల లేచి నిలబడింది.

ఒక్కొక్కరే లేచారు. చివరికి ఇది లేచింది. ఎడమకాలు నేల మీద గట్టిగా తాటించింది. ఇంకోసారి తాటించింది. రిఫరీ అవుటని చెయ్యి చూపిస్తే మొహం వెలిగిపోయింది. అవుటయినందుకు అంత సంతోషపడ్డ మనిషిని నేను ఎక్కడా చూడలేదు. ఆ పొట్టిపిల్లను కౌగిలించుకుంది. ఆ పిల్ల బిత్తరపోయింది. ఆ పిల్ల జట్టు ఓడిపోయింది. ఇది రెండు పాయింట్లు తెచ్చింది తర్వాత. అంతే తెచ్చింది. మునుపటి వేగం ఇంకా రాలేదు, వస్తుందో లేదో నాకు తెలియదు. కాలు మాత్రం నిలిచింది.

వచ్చే మార్చిలో మళ్ళీ సెలక్షనుందట. ఆ గేటుకు ఈసారి తనే వెళతానంది. నన్ను రావద్దంది.

సాకేత్‌కు ఎలా ఉంది? వాడి ఆసుపత్రి అడ్రసు రాయి, చాందిని మాట్లాడతానంటోంది. రెండోసారి చేసినవాళ్ళు కూడా కోలుకుంటారని డాక్టరమ్మ చెప్పింది, ఇంకా ఓపిక కావాలట.

ఇక నీ మాట. నీ మాటగా నన్ను చెప్పమన్నావు. చెప్పలేదు. చెప్పను కూడా. దాని గురించి ఒకసారి తెలియకుండా నలుగురిలో మాట్లాడాను. తెలిసినా సరే, ఒకరి తరఫున దానికి ఇంక మాటలు మోయను. నువ్వు అన్నది నువ్వే సరిచెయ్యాలి నాయనా.

ఏప్రిల్ నుంచీ ఫోను వచ్చిన ప్రతిసారీ అది వంటింట్లో ఏదో కడుగుతూ ఉంటుంది. నీళ్ళ చప్పుడు ఉండదు. నాకే చెవులు వినపడవు గానీ ఆ సంగతి నాకు కూడా తెలుస్తుంది.

అందుకని ఈసారి ఉత్తరం నాకు రాయొద్దు. దానికి రాయి. తెలుగులో రాస్తే చదవలేదు, చదివిపెట్టమని మా దగ్గరికి తెస్తుంది. హిందీలో రాయి. ఏం రాశావని నేను అడగను. నాలుగు ముక్కలైనా చాలు. దారి మూసేలోపు చేరేటట్టు, ఇది అందిన రోజే రాయి.

నాన్న
మాణిక్యం